కరిసల్ సీమలో చెడిన నీటియంత్రము: బాగుచేయుటయా, మార్చుటయా?

మదురనుండి తిరునల్వేలికి పోవు రైలుమార్గమున విరుదునగరము, సాత్తూరు దాటిన పిదప కోవిల్‌పట్టి వచ్చును. ఈ పట్టణములకు ఇరువైపులను వ్యాపించియున్న నల్లరేగడి నేలను తమిళులు ‘కరిసల్’ అందురు. విజయనగర ప్రభువుల కాలమునను, మదుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగువారి సంతతివారు ఈ సీమలోని పెక్కు గ్రామములందు నేటికిని వ్యవసాయము చేసికొని జీవించుచున్నారు. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, రాజపాళయపు రాజులు వీరిలో ముఖ్యులు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము వీరి వాడుక.

ఈ సీమకు జీవనది లేదు. వైప్పారు వాన కురిసిననాడు పారి, తక్కిన దినములలో ఇసుకయై యుండును. ఏటి సగటు వర్షపాతము 700 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండి, అందు హెచ్చుభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముచేత లభించును. 1901లో కోవిల్‌పట్టిలో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము మెట్టసేద్యపు సమస్యలకే పేరు పొందినది. ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము మొదలగు మెట్టపైరులు వానను నమ్ముకొని యుండును. బావి గల రైతు మాత్రము కొంత తోటభూమి నేర్పరచుకొని, మిరపయో, కూరగాయలో, మొక్కజొన్నయో నీరు కట్టి పండించును. మెట్టపంట పోయిన యేడు ఆ కుటుంబమును నిలువబెట్టునది ఈ తోటయే. తోటకు ప్రాణము బావి. బావికి ప్రాణము నీరు తోడు యంత్రము.

అట్టి యంత్రము పైరు పూతమీదనున్న సమయమున ఆగిపోయినచో రైతు ముందు ఒక ప్రశ్న నిలుచును. దానిని బాగుచేయింపవలెనా? లేక క్రొత్తది కొనవలెనా? చూచుటకు ఇది అంగడిబేరమువలె కనిపించును. కాని తొందరలో చేసిన నిర్ణయము వలన ఒక్క వేసవిలోనే రెండు మోటారులు మాడి, వాని వెంట అప్పు పెరుగుట ఈ సీమలో అరుదైన సంగతి కాదు. ఈ నిర్ణయమునకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మోటనుండి మోటారునకు

పూర్వము ఈ బావులలో ఎద్దులచేత తోలుతిత్తితో నీరు తోడెడివారు. ఆంధ్రదేశమున దీనిని మోట యనియు, కపిల యనియు అందురు. తమిళమున ‘కమలై’ అందురు. తోలు చినిగినచో కుట్టుటయు, మోకు తెగినచో ముడివేయుటయు, గిలక అరిగినచో వడ్రంగిచేత చెక్కించుటయు రైతునకు తెలిసిన పనులే. ఏ భాగము ఎన్నాళ్లు వచ్చునో, ఎప్పుడు దానిని పారవేసి క్రొత్తది కట్టవలెనో అతని చేతికే తెలిసియుండెను.

పిదప ఆయిలింజనులు వచ్చెను. అటుపిమ్మట విద్యుచ్ఛక్తి వచ్చెను. నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రము 1932లో పనిచేయ మొదలిడుటతో కోయంబత్తూరు ప్రాంతమునకును, తామ్రపర్ణిపై పాపనాశ విద్యుత్కేంద్రము 1944లో ఆరంభమగుటతో తిరునల్వేలి ప్రాంతమునకును విద్యుత్తు సమృద్ధిగా లభింపసాగెను. నీటియంత్రముల నిర్మాణమున కోయంబత్తూరు తెలుగువారి పాత్ర స్మరింపదగినది. పి.ఎస్. గోవిందస్వామినాయుడుగారి కుమారులు 1926లో స్థాపించిన ధర్మసంస్థయు, దాని పారిశ్రామిక శిక్షణాలయమును యంత్రవిద్యకు పునాది వేసెను. గోపాలస్వామి దొరస్వామినాయుడుగారు (1893–1974) డి. బాలసుందరమునాయుడుగారితో కూడి 1937లో స్వదేశమున విద్యుత్ మోటారును తయారుచేసిరి. కోవిల్‌పట్టి రైతు నేడు కొను మోటారులలో పెక్కు ఆ కోయంబత్తూరు పరిశ్రమ సంతానమే.

విద్యుత్తు రైతు జీవనమున ఎంత లోతుగా ప్రవేశించినదో సాహిత్యమును చాటినది. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామమున తెలుగుకుటుంబమున జన్మించి, తమిళమున గొప్ప రచయితయై, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొంది, 2021లో కీర్తిశేషులైన కి. రాజనారాయణన్‌గారి కథ యొకటి ఆధారముగా కె. హరిహరన్‌గారు 1992లో ‘కరెంట్’ అను హిందీ చలనచిత్రమును తీసిరి. అట్లే, విద్యుత్తు ధర పెంపునకు ఎదురుగా 1970 మొదలు రైతులను కూడగట్టిన సి. నారాయణస్వామినాయుడుగారు 1984 డిసెంబరు 21వ తేదీన కోవిల్‌పట్టిలోనే కన్నుమూసిరి. 1984లో చిన్నరైతులకును, 1990లో వ్యవసాయపు పంపులన్నిటికిని తమిళనాడు ప్రభుత్వము విద్యుత్తును ఉచితము చేసెను. ఈ తుదిసంగతికిని, మోటారును బాగుచేయుటా మార్చుటా అను ప్రశ్నకును గల సంబంధము ముందు తెలియగలదు.

కారణము తెలియక చికిత్స లేదు

మోటారు మాడినప్పుడు రైతు మొదట అడుగు ప్రశ్న ‘ఎంత ఖర్చగును?’ అనునది. మొదట అడుగవలసినది ‘ఎందులకు మాడినది?’ అనునది. మాడుటకు కారణము పెక్కుసారులు మోటారులో నుండదు. దానికి వెలుపల నుండును. ఆ కారణమును తొలగింపక బాగుచేయించిన మోటారైనను, క్రొత్తగా కొనిన మోటారైనను మరల మాడక తప్పదు.

ఈ కారణములలో మొదటిది మూడు ఫేజులలో ఒకటి పోవుట. మూడు తీగలపై నడువవలసిన మోటారు రెండింటిపై నడచినచో, అదే బరువు మోయుటకై మిగిలిన తీగలలో విద్యుత్ప్రవాహము సుమారు 1.73 రెట్లగును. రక్షణలేని మోటారు కొన్ని నిమిషములలోనే మాడిపోవును. రెండు ఫేజులు మాత్రమే వచ్చు వేళలలో కండెన్సరు కట్టి మోటారును నడుపు అలవాటు తమిళనాట వ్యాపించినది. అట్లు నడుచు మోటారు వేడెక్కి, దాని ఆయుర్దాయము తగ్గును.

రెండవది వోల్టేజి తగ్గుట. మోటారు త్రిప్పుబలము వోల్టేజి వర్గమును బట్టి మారును. వోల్టేజి నూటికి 15 వంతులు తగ్గినచో త్రిప్పుబలము నూటికి 72 వంతులకు దిగిపోవును. బరువు తగ్గదు గాన మోటారు మరింత ప్రవాహమును లాగి వేడెక్కును. తీగచుట్టపై నుండు పూత ఆయుష్షు ప్రతి 10 సెంటిగ్రేడు డిగ్రీల అధికోష్ణతకు సగమగునని ఇంజనీర్ల లెక్క. పదియేండ్లు రావలసిన చుట్ట 20 డిగ్రీలు హెచ్చుగా వేడెక్కుచు నడచినచో రెండున్నర యేండ్లలో పాడగునన్నమాట.

మూడవది బావిలో నీరు తరిగి యంత్రము ఎండుగా తిరుగుట. నీటిలో మునిగియుండు సబ్‌మెర్సిబుల్ మోటారునకు నీరే చల్లదనమును, కందెనయు. అది లేనిచో బేరింగులు కరగి, షాఫ్టు బిగిసిపోవును. నాల్గవది బేరింగు అరిగి, రోటరు ప్రక్కకు ఒరిగి స్టేటరును రాచుకొనుట. ఇది మాత్రము లోపలి వ్యాధి.

మాడిన చుట్టను విప్పి చూచినచో నిపుణుడగు పనివాడు ఈ కారణమును చాలవరకు చెప్పగలడు. ఒక ఫేజు పోయినందున మాడినచో చుట్టలో కొన్ని భాగములు మాత్రము నల్లబడి తక్కినవి మెరయుచుండును. బరువు హెచ్చియో, వోల్టేజి తగ్గియో మాడినచో చుట్ట అంతయు సమముగా నల్లబడును. ఒక్కచోట మాత్రమే కాలినచో పూత దెబ్బతినుటయో, నీరు చొరుటయో కారణమై యుండును. కావున చుట్టను విప్పక మునుపు రైతు దగ్గరనుండి చూచుట మేలు. ఆ చూపునకు ఖర్చు లేదు.

విద్యుత్ మోటారును పరీక్షించు విధము

కారణము తెలిసిన పిదప దేహపరీక్ష చేయవలెను. విద్యుత్ మోటారులో చెడునవి మూడు విధములు: బేరింగులు, తీగచుట్ట, ఉక్కురేకుల దిమ్మ.

బేరింగు మాత్రమే చెడినచో ప్రశ్నయే లేదు, మార్చి నడుపుకొనవలెను. మోత పుట్టిన దినముననే మార్చినచో ఖర్చు స్వల్పము. ఆలసించినచో రోటరు స్టేటరును రాచి పెద్ద నష్టమగును.

తీగచుట్ట తడిసినదా, మాడినదా అనునది ‘మెగ్గర్’ అను పరికరముచేత తెలియును. సామాన్య మోటారునకు పూత నిరోధము కనీసము 1 మెగోమ్ ఉండవలెనని పాత నియమము. వానకు తడిసిన మోటారు ఈ పరీక్షలో తప్పినను, దానిని విప్పి, మెల్లని వేడిలో ఆరబెట్టి, మరల పరీక్షించినచో నిలువవచ్చును. తడిసిన మోటారును మాడినదని భావించి పారవేయుట వృథా నష్టము.

చుట్ట నిజముగా మాడినచో క్రొత్త రాగితీగతో చుట్టింపవచ్చును. ఇచ్చట మూడవభాగమగు ఉక్కురేకుల దిమ్మ ముఖ్యమగును. పాతచుట్టను త్వరగా తీయుటకు కొందరు మోటారును మంటలో కాల్చుదురు. మంట మితిమీరినచో రేకుల నడుమ నుండు పలుచని పూత కాలిపోవును. అప్పుడు దిమ్మయే వేడిని పుట్టించుచు, విద్యుత్తును తినుచు, క్రొత్తచుట్టను త్వరలో మాడ్చును. చుట్టిన పనివాడు మంచివాడే యైనను ఆ మోటారు నిలువదు. మోటారు మరమ్మతు వృత్తిసంఘములు బ్రిటనునందును, అమెరికాయందును చేయించి 2003లో ప్రకటించిన పరీక్షలలో, ఉష్ణతను అదుపులో నుంచి శ్రద్ధగా చుట్టిన మోటారుల సామర్థ్యము దాదాపు తగ్గలేదని తేలినది. కావున ‘చుట్టిన మోటారు చెడ్డది’ అను మాట నిజము కాదు. చెడ్డగా చుట్టిన మోటారు చెడ్డది.

మోటారు చుట్టువానితో రైతు ముందుగా మాటాడుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. పాతతీగ లావును, చుట్ల సంఖ్యను లెక్కించి వ్రాసికొని అట్లే చుట్టవలెను. సన్నతీగ చుట్టినచో ఖర్చు తగ్గును గాని వేడి పెరుగును. చుట్టిన పిదప వార్నీషులో ముంచి వేడిగదిలో ఆరబెట్టవలెను. బేరింగులు క్రొత్తవి వేయవలెను. తుదకు బరువు లేకుండ అరగంట నడిపి, మూడు తీగలలోను ప్రవాహమును కొలిచి చూపవలెను. మూడును సమముగా నుండి, దిమ్మపై ఎచ్చటను ప్రత్యేకమగు వేడి లేనిచో మోటారు నమ్మదగినది. ఒకచోట చేయి పెట్టలేనంత వేడి కనిపించినను, ప్రవాహము మునుపటికన్న మిక్కిలి పెరిగినను దిమ్మ చెడినదని యెరిగి, ఆ మోటారుపై మరల ధనము వెచ్చింపరాదు.

ఆయిలింజను

విద్యుత్తు చేరని తోటలలోను, కనెక్షనుకై వేచియున్న తోటలలోను ఆయిలింజను నేటికిని నడచుచున్నది. దాని వ్యాధులను పొగయే చెప్పును. నల్లని పొగ వచ్చినచో నూనె సరిగా మండుట లేదు. నాజిలో, గాలిజల్లెడయో చూడవలెను. నీలిపొగ వచ్చినచో కందెననూనె కాలుచున్నది. రింగులు, లైనరు అరిగినవి. తెల్లపొగ వచ్చినచో మండని నూనెయో, నీరో బయటికి వచ్చుచున్నది.

ఇంజనులో అరుగుటకనియే అమర్చిన భాగములు కొన్ని కలవు: రింగులు, పిస్టను, లైనరు, వాల్వులు, బేరింగులు. ఇవి అన్నియు అరిగినను ఇంజను చచ్చినట్లు కాదు. వానిని మార్చినచో అది క్రొత్తదానికి సమీపముగా పనిచేయును. క్రాంకుషాఫ్టు అరిగినచో చెక్కించి, అందుకు తగిన మందపు బేరింగులు వేయవచ్చును. కాని షాఫ్టు బీటవారినను, ఇంజను దిమ్మ పగిలినను మార్చుటయే మేలు. అరిగిన భాగములు దొరుకుచున్నవా అనునది మరియొక ప్రశ్న. కోవిల్‌పట్టి అంగడిలో దొరకని భాగమునకై పదిదినములు వేచియుండవలసిన ఇంజను, ఎంత మంచిదైనను, ఎండుచున్న పైరునకు ఉపకరింపదు.

కంటికి కానరాని నష్టము

మోటారు చెడినప్పుడు రైతు మోటారునే చూచును. దానితో జతయైన పంపును చూడడు. పంపులోని ఇంపెల్లరు ఇసుకనీటికి అరుగును. అంచులలో సందు పెరిగి, పైకి పోవలసిన నీరు లోపలనే తిరుగును. మోటారు బాగుగానే తిరుగును, శబ్దమును మారదు, నీరు మాత్రము తగ్గును. ఈ తగ్గుదల ఏండ్ల తరబడి మెల్లగా జరుగుటచే కంటికి ఆనదు.

దీనిని ఒక లెక్కచే గ్రహింపవచ్చును. 5 అశ్వశక్తుల మోటారు 30 మీటర్ల యెత్తునకు నీరు తోడుచున్నదనియు, పంపు సామర్థ్యము నూటికి 50 అనియు ఊహించినచో, సెకనుకు 6.25 లీటర్ల నీరు పడును. అరిగి సామర్థ్యము 35కు దిగినచో సెకనుకు 4.4 లీటర్లు మాత్రమే పడును. ఒక ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి పెట్టుటకు సుమారు 2,02,000 లీటర్లు కావలెను. మొదటి పంపు దీనిని 9 గంటలలో ఇచ్చును. రెండవది ఇంచుమించు 13 గంటలు తీసికొనును. దినమునకు ఆరుగంటలు మూడు ఫేజుల విద్యుత్తు వచ్చినచో, ఐదెకరముల తోటను తడుపుటకు మొదటిదానికి ఏడున్నర దినములు, రెండవదానికి పదునొకండు దినములు పట్టును. తుది ఎకరములోని మిరపమొక్క ఆ మూడున్నర దినములు ఎండలో వేచియుండవలెను.

విద్యుత్తునకు వెల చెల్లించు దేశములలో ఈ నష్టము నెలనెల బిల్లులో కనిపించి, యజమానిచేత పాతయంత్రమును మార్పించును. ఇచ్చట విద్యుత్తు ఉచితము గాన బిల్లు నోరు మెదపదు. నష్టము మాత్రము పోదు. గంటల రూపమునను, పైరు రూపమునను రైతునకే తగులును. కరెంటు రూపమున సమాజమునకు తగులును. కావున ఉచిత విద్యుత్తు గల రైతు బిల్లునకు బదులు నీటిని కొలువవలెను. రెండువందల లీటర్ల పీపా నిండుటకు ఎన్ని సెకనులు పట్టినదో ఏటికి రెండుమారులు చూచి వ్రాసికొనుట చాలును. పట్టు కాలము ఏటేట పెరుగుచున్నను, బావిలో నీటిమట్టము మునుపటివలెనే యున్నచో, పంపు అరిగినదని నిశ్చయింపవచ్చును. అప్పుడు ఇంపెల్లరును, సీళ్లను మార్చుటయే చవకయైన మందు.

బావి శక్తిని కొలుచుట

మోటారు మాడిన రైతునకు అంగడిలో తరచుగా లభించు సలహా ‘ఐదు చాలలేదు, ఏడున్నర వేయుము’ అనునది. కరిసల్ సీమలో దీనికంటె హాని చేయు సలహా మరియొకటి లేదు. బావి ఇచ్చునది ఊటను బట్టి. యంత్రమును బట్టి కాదు.

ఆరుమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని బావిలో నీరు ఒక సెంటీమీటరు పెరిగినచో సుమారు 283 లీటర్లు ఊరినట్లు. గంటకు 30 సెంటీమీటర్లు పెరుగుచున్నచో ఊట సెకనుకు సుమారు 2.4 లీటర్లు. అట్టి బావిలో మూడు మీటర్ల నీరున్నప్పుడు సెకనుకు 6.25 లీటర్లు తోడు యంత్రము సుమారు ఆరు గంటలు నడచును. సెకనుకు 10 లీటర్లు తోడు పెద్దయంత్రము మూడు గంటలకే బావిని ఎండగట్టి, గాలిని పీల్చి, మరల మాడుటకు సిద్ధమగును. దినమంతటికి లభించు నీరు మాత్రము రెండింటికిని ఇంచుమించు ఒక్కటియే. పెద్దయంత్రము ఇచ్చునది హెచ్చునీరు కాదు, తొందరపాటు మాత్రమే.

మరియు, నీటిమట్టమే క్రిందికి పోయినప్పుడు పాతయంత్రము బాగున్నను పనికిరాకపోవచ్చును. గట్టుపై నుండు పంపు నీటిని పీల్చుటకు ప్రకృతి ఒక హద్దు పెట్టినది. గాలి ఒత్తిడి నీటిని 10.3 మీటర్లవరకే ఎత్తగలదు. వాడుకలో ఆరేడు మీటర్లు దాటుట కష్టము. అందులకే ఈ సీమలో రైతులు మోటారును బావిలోపలి మెట్టుపైకి దింపిరి. పిదప నీటిలో మునుగు మోటారును దింపిరి. అటుపిమ్మట బోరు వేసిరి. నీరు అందని పంపును బాగుచేయుట వ్యర్థము. ఇట్టిచోట మార్పు తప్పదు. కాని మార్చుటకు కారణము మోటారు చెడుట కాదు, నీరు దిగుట. ఈ రెండును వేరుచేసి చూడవలెను.

ధనలెక్క

మరమ్మతు ఖర్చు క్రొత్తయంత్రపు వెలలో సగము దాటినచో మార్చవలెనని వర్తకులు చెప్పు సూత్రమొకటి కలదు. ఇది జ్ఞాపకముంచుకొనుటకు సులభమైనను చాలదు. మిగిలిన ఆయుష్షును లెక్కలోనికి తీసికొనదు. ఏటికెంత పడినదను లెక్కయే సరియైన లెక్క.

ఉదాహరణకు క్రొత్తయంత్రము 30,000 రూపాయలనియు, అది పదియేండ్లు వచ్చుననియు, మరమ్మతు 9,000 రూపాయలనియు ఊహించినచో, క్రొత్తదానికి ఏటికి 3,000 రూపాయలు పడును. బాగుచేసినది నాలుగేండ్లు వచ్చినచో ఏటికి 2,250. రెండేండ్లే వచ్చినచో 4,500. సగముధర సూత్రము ప్రకారము రెండు సందర్భములలోను బాగుచేయుటయే మేలనిపించును. ఏటిలెక్క ప్రకారము మొదటిదే మేలు, రెండవది నష్టము. దిమ్మ చెడని మోటారును ఒకటి రెండుమారులు చుట్టించుట సాధారణముగా మొదటి కోవలోనికి వచ్చును. మూడవమారు మాడిన మోటారు రెండవ కోవలోనిది.

అప్పు తెచ్చి కొనునప్పుడు వడ్డీని కూడ వెలలో కలుపవలెను. చేతిలోని ధనముతో నేడు బాగుచేయించి, పంట అమ్మిన పిదప నిదానముగా క్రొత్తది కొనుట, వడ్డీకి తెచ్చి నేడే కొనుటకంటె పెక్కుసారులు లాభకరము. మరమ్మతు ఇచ్చు నిజమైన లాభము కొన్నిచోట్ల ఇదియే: అది కాలమును కొనిపెట్టును.

కాలమును, ప్రాణమును

ఇదే ప్రశ్న కోవిల్‌పట్టికి సుమారు 60 కిలోమీటర్ల దూరమున తూత్తుకుడి తీరమున మరియొక రూపమున కనిపించును. అచ్చటి జాలరులు పడవ వెనుక తగిలించు మోటారుతో సముద్రముమీదికి పోవుదురు. కాకినాడ, నిజాంపట్నము తీరముల తెలుగు జాలరులకును ఇది తెలిసిన యంత్రమే. దానికి శత్రువు ఉప్పునీరు. ఉప్పునీట మునిగిన మోటారును వెంటనే మంచినీట కడిగి, విప్పి, ఆరబెట్టి, నూనె పోసి నడిపినచో బ్రతుకును. నాలుగు దినములు ఉంచినచో లోపలి అల్యూమినియము, బేరింగులు తినివేయబడి ఎందులకును కొరగాదు. సిలిండర్ల ఒత్తిడిని కొలిచి, ఒకదానికిని మరియొకదానికిని నూటికి 10–15 వంతులకు మించి భేదమున్నచో లోపలి భాగములు అరిగినవని జాలరుల మెకానికులు గ్రహింతురు.

రెండింటికిని భేదమెచ్చట? తోటలో మోటారు ఆగినచో రైతు నడచి ఇల్లు చేరును. నడిసముద్రమున ఆగినచో జాలరి ప్రాణమునకే అపాయము. కావున సముద్రముపై పోవు యంత్రమునకు ‘బహుశా నడుచును’ అను మాట పనికిరాదు, అనుమానమున్నచో మార్చవలసినదే. తోటయంత్రమునకు కొంత అనుమానమును సహింపవచ్చును. ఐనను పైరు పూతమీద నుండి, నాలుగు దినములు నీరు లేనిచో ఏడాది శ్రమ పోవు సమయమున రైతు స్థితియు జాలరి స్థితికి దగ్గరగనే యుండును. యంత్రము ఎంత చెడినదను ప్రశ్నతోపాటు, అది మరల ఆగినచో ఏమి పోవునను ప్రశ్నయు అడుగవలెను.

మార్చవలసి వచ్చినచో

దిమ్మ చెడినను, షాఫ్టు పగిలినను, నీటిమట్టము అందనంత దిగినను, ఏటిలెక్క ఎదురు తిరిగినను మార్చుటయే కర్తవ్యము. అప్పుడు బావి ఊటకును, నీటి యెత్తునకును తగిన యంత్రమును ఎంచుకొనవలెను. భారతీయ ప్రమాణముల సంస్థవారి ముద్ర ఉన్నదా యని చూడవలెను. బోరుబావి సబ్‌మెర్సిబుల్ పంపులకు ఐ.ఎస్. 8034 అనునది ప్రమాణము. 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ‘కుసుమ్’ పథకము సౌరశక్తి పంపులకు రాయితీ కల్పించినది. రాష్ట్రప్రభుత్వమును దానికి తన వంతు చేర్చినది. విద్యుత్ కనెక్షను లేక ఆయిలింజనుపై నూనె కాల్చుచున్న రైతు, పెద్ద మరమ్మతునకు పూనుకొనక మునుపు వ్యవసాయ ఇంజనీరింగు శాఖవారి కార్యాలయమున ఈ సౌకర్యములను విచారించుట మేలు.

క్రొత్తయంత్రముతోపాటు రక్షణపరికరమును కొనవలెను. ఒక ఫేజు పోయినను, నీరు లేకున్నను తానే ఆపివేయు స్టార్టరు వెల, ఒక్కమారు చుట్టించు ఖర్చులో కొంతభాగమే. పాతమోటారునకు ఇది లేనందున మాడినదని తెలిసియు, క్రొత్తదానికి పాత స్టార్టరునే తగిలించుట, పగిలిన కుండలోని నీరు పోయినదని అదే కుండలో మరల నీరు పోయుటవంటిది.

ముగింపు

చెడిన నీటియంత్రమును గూర్చి అడుగవలసిన ప్రశ్నలు వరుసగా ఇవి: ఎందులకు చెడినది? ఏ భాగము చెడినది, ఏది నిలిచియున్నది? దానితో జతయైన పంపు ఎట్లున్నది? బావి ఎంత నీరు ఇచ్చును? ఏటికెంత పడును? మరల ఆగినచో ఏమి పోవును? ఈ వరుసను తలక్రిందు చేసి వెలతో మొదలుపెట్టినవాడు తరచుగా రెండుమారులు వెల చెల్లించును.

ఐతే వీనినన్నిటిని అడుగుటకు తీరిక కావలెను. ఎండుచున్న పైరు తీరిక నీయదు. దీనికి గ్రామములోనే ఒక ఉపాయము కలదు. ఒకే కొలత మోటారులు గల నలుగురైదుగురు రైతులు కలిసి, బాగుచేయించిన పాతమోటారు నొకదానిని మారుమోటారుగా ఉంచుకొనినచో, ఎవరిది ఆగినను నాటి సాయంకాలమునకే నీరు పారును. చెడిన మోటారును నిదానముగా విప్పి, కారణము తెలిసికొని, బాగుచేయుటయో మార్చుటయో నిర్ణయింపవచ్చును. మోట తోలిన కాలమున ఎద్దు జబ్బుపడినచో పొరుగింటి ఎద్దు వచ్చి నిలిచెడిది. ఎద్దులు పోయినను ఆ పొత్తు పోనక్కరలేదు. మోటారునకు ఒక చిన్న పుస్తకము పెట్టి, కొనిన తేది, చుట్టించిన తేది, నీటికొలత వ్రాసియుంచినచో, తండ్రి నేర్చినది కుమారునకును అందును. కరిసల్ సీమలో నీరెంత అరుదో, ఆ నీటిని పైకి తెచ్చు యంత్రమును గూర్చిన తెలివియు అంత విలువైనది.